నూతిలో మాత్రమే చెప్పే కథ

నడుముకూ తొడలకూ పట్టీలు బిగిస్తూ, "బిగుతుగా ఉందా చిన్ననానీ? ఊపిరాడుతోందా?" అని అడిగింది నస్రీన్. నస్రీన్ మా ఆపా మనవరాలు. ఆపా అంటే మా అక్క ఖాజాబీ. ఈ పిల్ల చదువైపోయాక మన్యంలో జనాన్ని కొండలెక్కించి, తాళ్లతో జలపాతాలు దించేవాళ్లతో చేరి, దాన్నే ఉద్యోగం చేసుకుంది. ఒకసారి వచ్చి చూడమని ఏడాదిగా ఫోన్లు చేస్తుంటే, చూడటానికే కదా అని తెనాలి నుంచి బయల్దేరి వచ్చాను. వచ్చాక చూడటం దగ్గర ఆగలేదు. మేం నిలబడ్డ చోట వాగు సన్నగా వచ్చి, నేల ఉన్నట్టుండి అయిపోయినట్టు, ఒక రాతి సందులోకి పడిపోతోంది. సందు ఇరుకు. రెండు పక్కలా నాచు పట్టిన నల్లరాయి. కింద ఒక మలుపు, ఆ మలుపు అవతల ఇంకో చిన్న జలపాతం ఉందట. మొత్తం కలిపినా పెద్ద లోతేం కాదు, మన బోసు రోడ్డులో మేడ మీంచి దిగినంతే అంది నస్రీన్, నాకు ధైర్యం చెప్పడానికి. నేను తలూపాను గాని నా కళ్లు లోతు మీద లేవు, తాడు మీద ఉన్నాయి. ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశాను. ఏ వాసనా లేదు. "తాడుని వాసన చూసేవాళ్లలో నిన్నొక్కదాన్నే చూశాను" అని నవ్వింది పిల్ల.

మా తాడుకి వాసన ఉండేది. ఇంట్లోకి అడుగు పెడుతూనే ముందు అదే తగిలేది. మా అబ్బా, అంటే మా నాన్న, నూతుల్లో పూడిక తీసే మనిషి. చేదలు, బిందెలు పడిపోతే గాలం వేసి తీసిపెట్టడం ఏడాది పొడుగునా ఉండేది గాని, అసలు పని ఎండాకాలంలోనే. కాలువలు కట్టేసి నూతుల్లో నీళ్లు అడుక్కి దిగాక, తెనాలి చుట్టుపక్కలా, బాపట్ల, రేపల్లె వీధుల్లోనూ ఇళ్లవాళ్లు కబురు పెట్టేవారు. ఆ పని మొదలయ్యే ముందు మోకుని అమ్మ కాలువలో నానబెట్టి, చూరు నుంచి చూరుకి కట్టి ఆరబెట్టేది. ఆరాక ఆముదం చేతికి రాసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తాడు పొడుగునా నిమిరేది. ఎక్కడైనా పీచు లేచి అరచేతికి గుచ్చుకుంటే అక్కడ ఆగిపోయి, అబ్బాని పిలిచేది. అబ్బా ఎంత తొందరలో ఉన్నా వచ్చి చూసేవాడు. తాడు విషయంలో అమ్మ చెయ్యి ఏం చెబితే అదే. ఆముదం, పీచు, కాలువ నాచు కలిసిన ఆ వాసన మా దుప్పట్లకి, మా జడలకి, చివరికి పెరుగన్నానికి కూడా పట్టేది. బడికి పంపలేదు కాబట్టి అక్కడ ఎవరూ నన్ను వెక్కిరించలేదు గాని, వీధిలో పిల్లలు "చేంతాడు జాన్‌బీ" అని పిలిచేవాళ్లు.

నూతిలోకి దిగేది నేను. పెద్ద బావులైతే అబ్బానే దిగేవాడు, పైన ఇద్దరు మనుషుల్ని మాట్లాడుకునేవాడు. ఇళ్ల పెరళ్లలో గుండ్రటి ఒరలు దించిన సన్నటి నూతుల్లో మగమనిషి భుజాలు పట్టవు. పట్టినా వంగి బొక్కెన నింపడానికి చోటుండదు. నేను పొట్టిదాన్ని, బక్కదాన్ని. తాడు చివర చిన్న పీట కట్టి, దాని మీద నన్ను కూచోబెట్టి, చంకల కిందుగా ఇంకో చుట్టు వేసేవాడు అబ్బా. తాడు రెండో కొసని చెట్టు మొదలుకో, అరుగు స్తంభానికో ఒక చుట్టు తిప్పి, వెనక్కి వాలి, కొంచెం కొంచెంగా వదిలేవాడు. నేను కాళ్లతో ఒరని తంతూ, వీపు ఆనకుండా చూసుకుంటూ దిగేదాన్ని. ఇప్పుడు నస్రీన్ నా నడుం దగ్గర ఒక ఇనప ముక్కలోంచి తాడు మెలిక వేసి, "ఇదే నిన్ను జారిపోకుండా పట్టుకుంటుంది" అని చూపిస్తుంటే నాకు ఆ స్తంభాలు గుర్తొచ్చాయి. ఒక్కో ఇంటి స్తంభం ఒక్కో తీరు. రేపల్లెలో ఒకరింటి స్తంభానికి తాడు రాసి రాసి చిన్న గాడి పడింది. మరుసటి ఏడు వెళ్తే ఆ గాడిలో వేలు పెట్టి పిల్లలు స్తంభం చుట్టూ తిరుగుతున్నారు.

దిగేముందు లాంతరు దించేవాళ్లు. దీపం ఆరితే ఆ రోజుకి పని లేదు. ఆరకపోయినా అబ్బాకి నమ్మకం లేదు. పూడిక కదిలిస్తే అడుగునుంచి చెడు గాలి లేస్తుందని, అది పైవాళ్లకి కనపడదని, కింది మనిషి గొంతులోనే తెలుస్తుందని అనేవాడు. అందుకని మా ఇంట్లో ఒక కట్టుబాటు. కింద మనిషి ఉన్నంతసేపూ పైన ఒకరు నూతిలోకి వంగి కథ చెబుతూ ఉండాలి. కింద ఉన్నవాళ్లు ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆలస్యమైతే, ఎందుకని అడగటం లేదు, కేకలు లేవు, లాగెయ్యడమే. మా తాత దిగినప్పుడు మా దాదీ చెప్పేదట. నాకు చెప్పేది ఆపా.

ఆపా నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. వాగుడుకాయ. నూతి గట్టు మీద పొట్ట ఆనించి, జడ లోపలికి వేలాడేసి మొదలుపెట్టేది. అన్ని నూతుల్లోనూ ఒకటే కథ. గాజులమ్మే మామ్మ ఒకామె ఉంది. ఊరూరా తిరిగి గాజులన్నీ అమ్మేసింది గాని ఒక ఆకుపచ్చ గాజు మిగిలిపోయింది. అది కూడా అమ్ముడైతే గాని ఇంటికెళ్లనని పంతం పట్టింది. ఒకరింటి నూతిలోంచి కిందికి దిగితే అక్కడ ఇంకో ఊరు కనపడింది. ఆ ఊళ్లో ఆకాశం గుండ్రంగా, పళ్లెమంతే ఉంటుంది. "నీకు కనపడుతోందిగా అలాగే" అనేది ఆపా. "ఊ" అనేదాన్ని. ఆ ఊళ్లో మామ్మ ఇంటింటికీ వెళ్లి తలుపు కొడుతుంది. ఒక ఇంట్లో ఆవిడకి చెయ్యి గుమ్మడికాయంత, గాజెక్కదు. ఒక ఇంట్లో పిల్ల చేతికి జారిపోతుంది. ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాల పోట్లాట, మామ్మ మధ్యలో కూచుని తీర్పు చెప్పి, గాజు సంగతి మర్చిపోయి లేచి వచ్చేస్తుంది. కొల్లూరు లంకల్లో పనికెళ్లినప్పుడు ఆ ఇంటి నిండా అరటిగెలలుండేవి. బాపట్లలో అయితే వాళ్లు జీడిపప్పు పెట్టేవాళ్లు. ఆపాకి పైన ఏది కనపడితే అది కిందికొచ్చేది.

నాకు కింద కనపడేది ఏమీ లేదు. కాళ్ల కింద మెత్తటి నల్లబురద, కుళ్లిన ఆకుల వాసన, ఇనుము వాసన. బొక్కెన నింపి తాడు కుదిపితే అది పైకెళ్లేది, వెళ్తూ నా నెత్తిన నీళ్లు కార్చేది. బురదలో చేతికి తాళంచెవులు, బొంగరాలు, గరిటెలు తగిలేవి. పైన ఎండ మండిపోతున్నా అక్కడ పళ్లు కొట్టుకునేంత చలి. బొక్కెన పైకి వెళ్లి మళ్లీ వచ్చే ఆ కాసేపు చెయ్యడానికి పనుండదు. ఆ కాసేపట్లో ఉండే ఒంటరితనం నేను తర్వాత ఇంకెక్కడా చూడలేదు, మా ఇంటాయన పోయినప్పుడు కూడా. అప్పుడు చుట్టూ మనుషులున్నారు. నూతిలో ఆ గొంతొక్కటే ఉండేది. అది గోడలకి తగిలి తగిలి, ఆపాది కాక, నా చెవిలోంచే వస్తున్నట్టుండేది.

పనయ్యాక పైకి లాగితే కథ అక్కడికి ఆగిపోయేది. ఇంటికొచ్చి అమ్మ వేణ్నీళ్లు పోసి, కాళ్లకి ఆముదం రాసి, చేపల పులుసుతో అన్నం పెట్టి పడుకోబెట్టాక, "ఆపా, తర్వాతేంటి?" అని గోకేదాన్ని. "పడుకోవే. అది నూతిలో చెప్పే కథ. మంచం మీద చెబితే పలకదు" అని అటు తిరిగి పడుకునేది. ఎంత బతిమాలినా అంతే. ఆ మామ్మ కోసం నేను మళ్లీ ఎప్పుడు నూతిలో దిగుతానా అని చూసేదాన్ని. నా భయాన్ని ఆపా అలా దాటించింది.

బాపట్లలో ఒకసారి ఆ కట్టుబాటే నన్ను చంపబోయింది. వెనక పెరట్లో పాత నుయ్యి, ఏళ్ల తరబడి పూడిక తియ్యలేదు. ఆ ఇంటి పెద్దావిడ, మామ్మగారనే పిలిచేవాళ్లం, అరుగు మీద చాప వేసుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. అబ్బా అరుగు స్తంభానికి తాడు చుట్టి నిలబడ్డాడు. లాంతరు ఆరలేదు. నేను దిగాను. కాసేపటికి కథ బాగా ముదిరింది. గాజుల మామ్మ కొత్తగా ఒకరింటికెళ్తే, ఆ ఇంటి కోడలు తలుపు చాటునుంచి చెయ్యి మాత్రమే బయటపెట్టింది, మొహం చూపించదు. చెయ్యి సరిగ్గా సరిపోయేటట్టుంది. నాకు అక్కడిదాకా గుర్తుంది. తర్వాత బురదలోంచి కుళ్లిన గుడ్ల కంపు ఒక్కసారిగా లేచింది. తల తిరిగింది. ఊ అందామనుకున్నాను, అన్నాననే అనుకున్నాను.

జరిగింది తర్వాత వాళ్లు చెప్పారు. ఆపా తల నూతిలో ఉంది, అక్కడ ఏ చప్పుడైనా గింగురుమంటూ నాలుగు వైపుల నుంచీ వినపడుతుంది. ఆమెకి ఊ వినపడుతూనే ఉంది. కథ సాగుతూనే ఉంది. అబ్బా మాత్రం వెనక స్తంభం దగ్గరున్నాడు. ఊ నూతిలోంచి కాక తన భుజం పక్కనుంచి వస్తోందని ఆయనకి తోచింది. తిరిగి చూస్తే అరుగు మీద మామ్మగారు చింతపండు వదిలేసి, చెంపకి చెయ్యి పెట్టుకుని, సన్నటి గొంతుతో "ఊ" అంటోంది.

"ఆ ఊ మనదానిది కాదే" అన్నాడట అబ్బా. అంతే, లాగేశాడు.

నాకు తెలివొచ్చేసరికి తల మామ్మగారి ఒళ్లో ఉంది. మేం పూడిక తీశాక నూతిలో సున్నం, పటికతో పాటు పసుపునీళ్లు కూడా చల్లించే ఇల్లు అది. మాకు మజ్జిగ ఎత్తి దోసిట్లో పోసే మనిషి ఆవిడ. అటువంటిది బురద ఒంటితో ఉన్న నన్ను ఒళ్లో వేసుకుని, చెంగుతో మొహం తుడుస్తూ ఏడుస్తోంది. "ఎవరైనా కథ చెబుతుంటే ఊ అనకుండా ఎలా ఉంటానమ్మా, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అలవాటు" అంటోంది. ఆపా నూతి గట్టు వదల్లేదు. ఆరోజు ఇంక పని లేదన్నాడు అబ్బా. మేం తాడు చుట్టుకుని బయల్దేరుతుంటే మామ్మగారు వీధి గుమ్మం దాకా వచ్చి, సిగ్గుపడుతూ అడిగింది.

"ఇంతకీ ఆ కోడలికి గాజు సరిపోయిందా అమ్మాయ్?"

ఆపా ఏడుపు మొహంతోనే తిరిగి చూసింది. "మీరు నూతిలోకి దిగితే చెబుతానండి" అంది. మామ్మగారు ముందు నివ్వెరపోయి, తర్వాత నోటికి చెంగడ్డం పెట్టుకుని నవ్వింది. అబ్బా కూడా నవ్వాడు. అప్పటినుంచి ఏ ఇంటికెళ్లినా ఆపా ముందుగా చుట్టూ చేరిన ఆడవాళ్లకి చెప్పేది, "అమ్మా, వినండి, మీ ఇష్టం. కానీ ఊ మాత్రం అనకండి" అని.

నేను పెద్దమనిషినయ్యాక అమ్మ నన్ను నూతిలోకి దించనివ్వలేదు. ఆ సంవత్సరమే ఆపాకి రేపల్లె సంబంధం కుదిరింది. నేను చివరిసారి దిగింది సంగం జాగర్లమూడిలో. గాజుల మామ్మ ఒక నీలం తలుపు ముందు నిలబడి, తలుపు కొట్టి, లోపల అడుగుల చప్పుడు వింటోంది. అక్కడికి బురద అయిపోయింది, నన్ను లాగేశారు. ఆ తలుపు అలాగే ఉండిపోయింది. నాకూ పెళ్లైంది, పిల్లలు పుట్టారు. ఊళ్లో కుళాయిలొచ్చాయి, బోర్లు పడ్డాయి. నూతుల్లో చెత్త పోసి పూడ్చి, వాటి మీద మరుగుదొడ్లు కట్టుకున్నారు. అబ్బా ఉన్నన్నాళ్లు తాడు చూరుకి వేలాడింది. ఆయన పోయాక అది ఎవరు తీశారో తెలియదు. పెళ్లిళ్లలో ఆపా కనపడినప్పుడల్లా, "ఆ నీలం తలుపు ఎవరు తీశారే?" అని అడిగేదాన్ని. "రేపల్లెలో నుయ్యేదీ, ఎక్కడ చెప్పను?" అని తప్పించుకునేది. ముసలితనం వచ్చాక ఒకసారి గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు చెప్పింది. "తలుపూ లేదు, ముగింపూ లేదే పిచ్చిదానా. దాదీ ఒకటే చెప్పింది నాకు, మనిషి కిందుండగా కథ అయిపోకూడదని. అయిపోతే ఊ అనడం ఆపేస్తారుగా. నిన్ను పైకి తెచ్చుకునేదాకా ఆ మామ్మని తిప్పుతూనే ఉండాలి. ఎన్ని ఇళ్లు కట్టానో నాకే తెలీదు." నాకు కోపమొచ్చింది. ఇన్నేళ్లు దాచుకున్నది ఖాళీ పెట్టె అనిపించింది.

అక్షరాలు నాకు ఈమధ్యే వచ్చాయి. మా వీధి మహిళా సంఘంలో సంతకాలు నేర్పుతామంటే వెళ్లాను, తోటివాళ్లు సంతకంతో ఆపేసినా నేను ఆపలేదు. అ, ఆ దాటుకుంటూ వచ్చి ఊ రాయమన్న రోజు పలక మీద చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లు నేను చీకట్లోంచి పైకి పంపింది ఇదా, ఇంతేనా అని చాలాసేపు చూస్తూ కూచున్నాను. టీచరమ్మ నాకు రాయడం రాలేదనుకుని చెయ్యి పట్టి దిద్దించింది. ఆరోజు సాయంత్రం ఆపాకి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. చెబుదాంలే అని ఊరుకున్నాను. ఆపా మాట్లాడగలిగిన రోజులు ఇంక ఎక్కువ లేవని నాకేం తెలుసు.

ఆపాకి పక్షవాతం వచ్చింది. రేపల్లె ప్యాసింజర్‌లో వెళ్లి చూసేసరికి కుడివైపంతా పడిపోయి ఉంది. మాట పోయింది. అంత వాగుడుకాయకి లోపలినుంచి ఒక్క 'ఊ' మాత్రం మిగిలింది. అన్నం పెట్టనా అన్నా ఊ, నొప్పిగా ఉందా అన్నా ఊ. కోడలు పాపం ఏది అవునో ఏది కాదో తెలియక అల్లాడిపోతోంది. నేను ఇంటికి తిరిగి వెళ్లలేదు. మంచం పక్కన పీట వేసుకుని కూచుని, ఏం మాట్లాడాలో తోచక, ఆ నీలం తలుపు తీశాను. తలుపు తీసింది ఒక దర్జీ అన్నాను. "ఊ" అంది ఆపా. కళ్లు నా వైపు తిరిగాయి. ఆ దర్జీకి ఒకటే చెయ్యి, ఆ చేతికి గాజు తొడగాలంటే రెండో చెయ్యి కావాలి అన్నాను. "ఊ." అలా రోజూ కొన్ని ఇళ్లు. నాకు కథలు కట్టడం వస్తుందని నాకే తెలియదు. మంచం మీద చెప్పినా ఆ కథ పలికింది.

ఒక మధ్యాహ్నం, మసీదులో జొహర్ అజాన్ అయిపోయింది, కోడలు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నస్రీన్ ఆరోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూచుంది. నేను ఆపా చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ చెబుతున్నాను. గాజుల మామ్మకి దాహమేసింది, ఆ ఊళ్లో నీళ్లెక్కడా లేవు, ఎవరో కింద ఇంకో నుయ్యి ఉందన్నారు. "ఊ." ఆ నూతిలోకి వంగి చూస్తే ఆ అడుగున కూడా ఒక ఊరు. "ఊ." మూడోసారీ ఊ వచ్చింది. ఆ ఊ మంచం మీంచి రాలేదు. గుమ్మం వైపు నుంచి వచ్చింది. నా చేతిలో చెయ్యి మెత్తగా, బరువుగా ఉంది. ఊ ఆగితే లాగెయ్యాలి. లాగడానికి తాడేదీ? నేను తల తిప్పలేదు. కథ ఆపితే ఆ పిల్ల లేచి వస్తుంది, చూస్తుంది, ఇల్లంతా గొల్లుమంటుంది. అందుకని ఇంకో ఇంటి తలుపు కొట్టించాను. నస్రీన్ ఊ అంది. ఇంకో ఇల్లు. ఊ. కోడలు తడిబట్టలు భుజాన వేసుకుని లోపలికి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

జలపాతం నన్ను అనుకున్నంత భయపెట్టలేదు. వెనక్కి వాలి, కాళ్లు రాయికి తన్ని, నడుం పట్టీల మీద కూచుంటే ఒళ్లు తనంతట తానే చెయ్యవలసింది చేసింది. నీళ్లు ఒక పక్కనుంచి భుజాన్ని కొడుతున్నాయి. పైనుంచి నస్రీన్ ఏదో అరిచింది, పెదాలు కదలడం కనపడింది గాని మాట రాలేదు. అక్కడ మాట పని చెయ్యదు, అందుకే మెడలో విజిల్ వేసింది. ఒకసారి ఊదితే ఆగమని, రెండుసార్లయితే వదలమని. అంతా సక్రమంగానే ఉంది. టోపీ ఉంది, ఒక తాడుకి తోడు ఇంకో తాడుంది. అబ్బా చూస్తే సంతోషించేవాడు. అయినా దిగుతున్నంతసేపూ నేను పైనుంచి ఒక గొంతు కోసం చెవి ఒగ్గే ఉన్నాను. కాళ్లు మోకాలిలోతు నీళ్లలో ఆనాక గాని ఆ సంగతి గమనించలేదు.

కింద తాడు కొస పట్టుకుని నస్రీన్‌తో పనిచేసే అమ్మాయి ఒకతె ఉంది. పైనుంచి దిగేవాళ్లు జారితే కిందివాళ్లు ఆ కొస లాగి బిగిస్తే ఆగిపోతారట. ఈసారి దిగేది నస్రీన్. "నేనూ పట్టుకుంటానమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నా మొహం చూసి ఏమనుకుందో, "నా వెనక నిలబడి పట్టుకోండి మామ్మా" అని చోటిచ్చింది. పుట్టాక ఎన్నడూ తాడు పట్టుకునే కొసన లేను. దిగడమే గాని ఒకరిని దించడం ఎరగను. నీళ్లలోంచి నస్రీన్ కాళ్లు, నడుం, ఎర్ర టోపీ కొంచెం కొంచెంగా వస్తుంటే నా నోరు దానంతటది మొదలుపెట్టింది. రెండో నూతి అడుగున ఉన్న ఊళ్లో మొదటి ఇల్లు. చెప్పి, ఆగాను. ఊ రాలేదు. ఆ హోరులో ఎక్కణ్నుంచి వస్తుంది? మళ్లీ చెప్పాను, మళ్లీ ఆగాను. అలా ఆగినప్పుడల్లా నీళ్లలో ఆ ఎర్ర టోపీ కోసం వెతుక్కునేదాన్ని. ఇన్నేళ్లూ కింద ఉన్నదాన్ని నేనే ఒంటరినని అనుకున్నాను. పైన గట్టు మీద పొట్ట ఆనించి, ఏమీ కనపడని చీకట్లోకి ఒక మాట వేసి, అది తిరిగొస్తుందా రాదా అని ఆపా ఎన్నిసార్లు ఇలా ఆగి ఉంటుందో అప్పుడు తెలిసింది.

నస్రీన్ దిగి, టోపీ తీసి జుట్టు విదిలించుకుంది. "ఏంటి చిన్ననానీ, పెదాలు కదులుతున్నాయి? దువా చదివావా నా కోసం?"

"లేదే. గాజుల మామ్మ."

ఆ పిల్ల టోపీ చంకన పెట్టుకుంది. "ఎంతదాకా వచ్చింది?"

"రెండో ఊరు. మొదటి ఇల్లు."

"చెప్పు మరి."

"ఒడ్డున నిలబడి చెప్పేది కాదు. ఇంకో జలపాతం ఉందన్నావుగా."

"అక్కడా వినపడదు."

"వినపడకపోతే ఏం? నువ్వు దిగు."

నస్రీన్ నా చెంప మీద తడిచేత్తో ఒకటి వేసి, తాడు భుజాన వేసుకుని ఆ అమ్మాయితో కలిసి మలుపు తిరిగింది, ముందుగా అక్కడ తాడు కట్టి రావడానికి. నన్ను ఈ రాయి మీద కూచోమంది. కూచున్నాను. పైకి చూశాను. ఇక్కడి ఆకాశం గుండ్రంగా లేదు. పొడుగ్గా, వంకరగా, చింపిన గుడ్డపీలికలా ఉంది. దాని అంచున ఎవరి తలా లేదు, వేలాడే జడ లేదు. కాసేపు అలాగే చూసి, ఊ అన్నాను.